పందిరి ఒక్కటే చాలదు

హైదరాబాదులో ఉన్న మా పిన్నికూతురికి ఈమధ్య మొక్కల పిచ్చి పట్టింది. మొన్న ఫోన్ చేసి "అక్కా, నేను సెప్టెంబరులోనే వంగ, టమాటా నారు నాటేశాను. నువ్వేం వేశావు?" అనడిగింది. "నారింకా అరుగు మీదే ఉందే" అన్నాను. "ఇంకానా! చలికాలం కూరగాయలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే నాటెయ్యాలని పుస్తకాలన్నీ మొత్తుకుంటుంటే, చోడవరంలో అంత పెరడు పెట్టుకుని ఊరుకున్నావా?" అని నన్నే దెబ్బలాడింది.

పుస్తకాలు తప్పు రాశాయని నేననను. రాసినవాళ్ల పెరటికి బంగాళాఖాతం దగ్గర్లో లేదు, అంతే. మాకూ సముద్రం కనిపించదనుకోండి. మధ్యలో అనకాపల్లి ఉంది. (2022 నుంచి మాది అనకాపల్లి జిల్లాయే గానీ నా నోటికి ఇప్పటికీ విశాఖ జిల్లా అనే వస్తుంది.) సముద్రం కనిపించకపోయినా అక్కడ లేచిన గాలి మా పెరట్లోకి రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఆశ్వయుజం, కార్తీకం కలిస్తే శరదృతువు. వెన్నెల కాలమని కవులు మురిసిపోతారు. మన కోస్తా ఆడవాళ్లకి మాత్రం అది రేడియో వింటూ గుండెలు చిక్కబట్టుకునే కాలం. పెద్ద తుఫానుల తేదీలు ఓసారి వరసగా చూడండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. కోనసీమ కొబ్బరి చెట్లని కూల్చిన తుఫాను 1996 నవంబరు 6. మా హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. శ్రీకాకుళం జిల్లా జీడి, కొబ్బరి తోటల్ని ఊడ్చేసిన తిత్లీ 2018 అక్టోబరు 11. బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ 2023 డిసెంబరు 5. మొంథా 2025 అక్టోబరు 28. పాత పంచాంగాలు తిరగేసి చూశాను. ఆరింటికి ఆరూ ఆశ్వయుజ, కార్తీక మాసాల్లోనే వచ్చాయి. అంటే చిక్కుడు పందిరి నిండుగా అల్లుకుని పూతకి వచ్చే వేళకి, ఆనపపాదు పిందె దిగే వేళకి సరిగ్గా వచ్చాయన్నమాట.

నేనూ ఒకప్పుడు పందిరే పెరడనుకున్నదాన్ని. 2014లో దసరా నాటికి మా పందిరి చూసి వీధిలో వాళ్లు దిష్టి తియ్యమనేవారు. ఓ వైపు చిక్కుడు, ఓ వైపు బీర, మధ్యలో దొండ. అట్లతద్దికీ దీపావళికీ మధ్య ఆ ఆదివారం హుద్‌హుద్ వచ్చింది. గాలి వేగం గంటకి 180 కిలోమీటర్లు దాటిందని తర్వాత చెప్పారు. అంకెలు మాకెందుకు, తలుపు లోపల గడియ పెట్టి ఇద్దరం వీపు ఆనించి కూచున్నాం. మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే పందిరి లేదు. వాసాలు ప్రహరీ అవతల ఉన్నాయి. అరటి చెట్లు నడుముకి విరిగాయి, బొప్పాయి వేళ్లతో సహా లేచిపోయింది. ఊరి చుట్టూ చెరకు తోటలు చాప పరిచినట్టు పడుకున్నాయి. కరెంటు పోయింది, నీళ్లు లేవు, రోడ్ల మీద చెట్లు. బజారులో కూరగాయ అన్నది కనపడలేదు. కనపడ్డ వాటి ధర వింటే మళ్లీ అడగబుద్ధి కాలేదు.

నేను గడప మీద కూచుని ఏడుస్తున్నాను. మా అత్తగారు పెరడంతా ఓ చుట్టు తిరిగొచ్చి, "పైనున్నదే పోనాది. కిందున్నది ఎక్కడికెల్తాది? గునపం తే" అన్నారు.

ఆ కిందున్నదేమిటో నాకు అప్పటిదాకా పట్టలేదు. గోడ వార, బావి గట్టు పక్కన, నేను పనికిరాని జాగా అనుకున్న చోటల్లా ఆవిడ ఏవో పాతిపెడుతూ ఉండేవారు. చేమ, కంద, పెండలం. "ఇవెందుకత్తా, దురద" అని నేను విసుక్కునేదాన్ని. చేమ ఆకులు చిరిగి పీలికలయ్యాయిగానీ తవ్వితే దుంపలు చెక్కుచెదరలేదు. కంద కాడ విరిగిపోయింది. అది ఇంకో రెండు నెలలు ఊరాల్సిందే అయినా, తవ్వితే కూరకి సరిపడా గడ్డ వచ్చింది. పెండలం మాత్రం ముట్టుకోనివ్వలేదు, "సంకురాత్రి దాకా ఉండనీ" అన్నారు. వారం దాటి కరెంటు వచ్చేదాకా మా ఇంట్లోనే కాదు, పక్క రెండిళ్లలో కూడా ఆ దుంపలే కూర.

అప్పటినుంచి నా అభిప్రాయం మారలేదు. మన వైపు పెరటి తోటంటే సగం మట్టికింద ఉండాలి. పైన ఎంత పెంచినా అది గాలి దయ.

ఈ మాటంటే "దుంపలా, గ్యాసు" అని మొహం చిట్లించే వాళ్లున్నారు. పెళ్లి భోజనంలో కంద బచ్చలి వడ్డిస్తే రెండోసారి అడిగేదీ వాళ్లే. దురద సంగతంటారా, అది కందలో సూదుల్లా ఉండే సన్నని స్ఫటికాల వల్ల వస్తుంది. చేతులకి నూనె రాసుకుని తరిగి, చింతపండు పులుసులో ఉడికిస్తే లొంగుతుంది. దురద లేని రకాలూ ఉన్నాయి. తూర్పు గోదావరి కొవ్వూరులోని ఉద్యాన పరిశోధనా స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం అలాంటిదే. ఇవాళ దేశంలో చాలా చోట్ల పండిస్తున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత ఉండనే ఉంది, తినేవాళ్లకి లేని బాధ వినేవాళ్లకెందుకు?

కంద పాతడానికి ఇది కాలం కాదు, తవ్వడానికి కాలం. ఆకు పసుపు తిరిగి కాడ వాలిపోయాక, అంటే మార్గశిరం, పుష్యాల్లో తవ్వుకోవాలి. అప్పుడు ఓ గడ్డ దాచి, వేసవి చివర తొలకరికి ముందు ముక్కలు కోసి పాతుకోవాలి. ప్రతి ముక్కకీ నడిమొగ్గ తాలూకు చెక్క కొంచెమైనా ఉండాలి, లేకపోతే మొలక రాదు. ముక్కల్ని పేడనీళ్లలో ముంచి నీడలో ఆరబెట్టి, మూరెడు గొయ్యిలో బూడిద, పశువుల ఎరువు వేసి పెట్టెయ్యడమే. మా పెరట్లో అరకిలో ముక్కకి రెండు కిలోల దాకా గడ్డ వచ్చింది. పెరడు లేనివాళ్లు సిమెంటు బస్తా సంచిలో మట్టి నింపి పెట్టుకోవచ్చు. గాలి వచ్చినా ఆ సంచి ఎక్కడికీ పోదు.

ఇప్పుడు పెట్టుకోదగ్గ దుంప చిలకడదుంప. మూరెడు తీగ ముక్కలు తెచ్చి, కార్తీక పౌర్ణమి అటూ ఇటూగా మట్టి కట్టల మీద గుచ్చితే శివరాత్రి ఉపవాసానికి మీ పెరటి దుంపలే ఉడకేసుకోవచ్చు. నీళ్లు ఎక్కువ పొయ్యకండి, తీగ పెరుగుతుంది గానీ దుంప ఊరదు.

అంటే పందిరి మానెయ్యమంటారా అనొద్దు. చిక్కుడుకాయ లేని చలికాలం నాకూ సహించదు. రథసప్తమికి చిక్కుడాకులో పరమాన్నం పెట్టాలంటే పాదు ఉండాల్సిందే. కాకపోతే పందిరి గుండెలెత్తు చాలు. మేడంత ఎత్తు కడితే గాలికి తెరచాప అయిపోతుంది. ఇంకో సంగతి, తుఫానుకి చిక్కుడు పాదు చిరిగిపోయినా మొదలు కదలకుండా ఉంటే పీకెయ్యకండి. నలిగిన కొసలు కోసేసి, మొదట్లో మట్టి ఎగదోసి నాలుగు వారాలు ఓపిక పట్టండి. హుద్‌హుద్ తర్వాత మా పాదు అలాగే మళ్లీ చిగిర్చి సంక్రాంతికి కాసింది. బీర మాత్రం తేరుకోలేదు.

చిక్కుడుకి ఆ సౌకర్యం ఎందుకంటే, మన నాటు పందిరి చిక్కుడు ఎప్పుడు వేసినా పొద్దు తగ్గే కాలానికే పూతకొస్తుంది. పగలు కురచై, రాత్రి పొడుగైతేనే దానికి మొగ్గ వేసే బుద్ధి పుడుతుంది. నిజానికది కొలుచుకునేది చీకటిని. ఇది నాకు చదువుకుంటే రాలేదు, వీధి దీపం నేర్పింది. ఓ ఏడు మా సందు మొదట్లో స్తంభానికి కొత్తగా తెల్లటి దీపం పెట్టారు. మంచిదే, ఆడపిల్లలు ట్యూషన్ నుంచి ధైర్యంగా వస్తున్నారు. కానీ ఆ ఏడు పందిరికి ఇటు సగం పూసింది, దీపం పడే అటు సగం ఆకులే ఆకులు. ఎరువు వేశాను, వేపనీళ్లు కొట్టాను, దిష్టి కూడా తీశాను. మా అబ్బాయి చూసి "అమ్మా, దానికి రాత్రి కావట్లేదు" అన్నాడు. గోనెపట్టాలు కుట్టి ఆ వైపు అడ్డం కడితే రెండు మూడు వారాలకి మొగ్గలు కనిపించాయి. మీ పాదు కూడా పుయ్యకపోతే, విత్తనం అమ్మినవాణ్ణి తిట్టేముందు రాత్రి ఓసారి పెరట్లోకెళ్లి వెలుతురు ఎక్కడ పడుతోందో చూసుకోండి. పొద చిక్కుడు రకాలకి ఈ పట్టింపు లేదు.

ఇక నారు అరుగు మీద ఎందుకుందంటారా. వంగ, టమాటా, మిరప గింజలు దసరా వెళ్లాక పాత గంపల్లో, చిల్లులు పడ్డ బేసిన్లలో చల్లుకుంటాను. మబ్బు కమ్మితే గంప ఎత్తి వసారాలో పెట్టుకోవచ్చు. మడిలో నాటేసిన మొక్కని ఎవరు ఎత్తగలరు? నెల రోజుల నారు కార్తీక పౌర్ణమి దాటాక నాటితే మాకు సరిపోతుంది. ఆ తర్వాత తుఫానులు రావని కాదు. మిచౌంగ్ పౌర్ణమి వెళ్లిన వారానికి వచ్చింది. అయితే నవంబరు సగం దాటాక వాయుగుండాలు ఎక్కువగా దక్షిణానికి, నెల్లూరు, తమిళనాడు వైపు పోతుంటాయి. మా ఉత్తరాంధ్రకి కాస్త ఊపిరాడుతుంది. మా చెల్లెలికి మాఘంలో వచ్చే కాయ దానికి పుష్యంలోనే వచ్చేసిందని గొప్ప. చెప్పుకోనివ్వండి.

ఆకుకూరలకి ఈ బెంగ లేదు. గాలివాన పోయిన మర్నాడే మడి పైమట్టి కదిపి చల్లుకోవచ్చు. మెంతి మూడు వారాలకి, తోటకూర నాలుగు వారాలకి, ముల్లంగి ఆరు వారాలకి చేతికొస్తాయి. తోటకూర గింజ పొడి ఇసకతో కలిపి చల్లండి, లేకపోతే ఒకే చోట పడుతుంది. ధనియాలు చెప్పు కింద వేసి నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. తుఫాను తర్వాత బజారులో కొత్తిమీర కట్ట బంగారమయ్యే రోజుల్లో మీ మడిలోది నవ్వుతూ ఉంటుంది.

ఇక్కడ ఒక మాట కటువుగానే అంటాను. ఇప్పుడు పట్నాల్లో, మా ఊళ్లో కూడా, మేడ మీద తోటలు మొదలయ్యాయి. సంతోషమే. విశాఖలో మా ఆడపడుచు వాళ్ల మేడ మీద అరవై కుండీలున్నాయి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఆ అరవై కుండీలు కిందికి దింపిందెవరు? ఆవిడ ఒక్కర్తే. మూడు రోజులు నడుం పట్టేసి మంచం దిగలేదు. ఆ రోజు ఇంట్లో మగవాళ్లు టీవీలో తుఫాను కన్ను ఎక్కడుందో చూస్తున్నారు. మేడ తోట పెంచండని రాసేవాళ్లు ఎన్ని కుండీలు, ఏ మట్టి, ఏ ఎరువు అని రాస్తారు గానీ, గాలి వచ్చిన రోజు అవి ఎవరు మోస్తారో రాయరు. దింపకుండా వదిలేస్తే అవి పక్కింటి రేకుల మీద పడతాయి, మనిషి మీద పడితే ప్రాణమే పోతుంది. గంటలో ఎన్ని కుండీలు దింపగలరో అన్నే పెట్టుకోండి. ఇంట్లో చేతులు ఎక్కువుంటే, అవి సాయానికి వచ్చే చేతులైతే, ఇంకో పది పెట్టుకోండి.

వంటకొద్దాం. తుఫాను తర్వాత వంటంటే ఫ్రిజ్ లేదు, మిక్సీ లేదు, బజారు లేదు. రుబ్బురోలు ఇంకా అమ్మెయ్యని వాళ్లు అదృష్టవంతులు. కార్తీకమాసం కాబట్టి చాలా ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ ఉండవు.

కంద బచ్చలి ఆ వంటకి పుట్టింది. బచ్చలి తీగ నేలబారుది, గాలికి చిరిగినా చావదు. చెక్కు తీసిన కంద ముక్కలు, అంతకి రెట్టింపు బచ్చలి ఆకు, రెండు పచ్చిమిరపకాయలు, పసుపు వేసి చింతపండు పులుసులో మెత్తగా ఉడికించి, నీళ్లు ఇగిరాక గరిటెతో మెదపాలి. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టాలి. నానబెట్టిన ఆవాలు చెంచాడు, ఎండుమిరపకాయ, ఉప్పు కలిపి నూరిన ముద్ద ఉంటుందే, దాన్ని కూర పొయ్యి మీంచి దించి వేడి తగ్గాకే కలపాలి. పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది. పైన చెంచాడు పచ్చి నూనె. ఈ కూర పొద్దున్న చేస్తే రాత్రికి ఇంకా బాగుంటుంది, ఫ్రిజ్‌తో పనే లేదు.

పడిపోయిన అరటిచెట్టుని పారేస్తే నాకు కోపం. పైపొరలు ఒలుచుకుంటూ పోతే నడిమధ్య తెల్లటి దూట ఉంటుంది. గెల వేసిన చెట్టుదైతే ఇంకా మంచిది, ఆ దూట పారెయ్యాల్సిందే అనుకోకండి. చక్రాలుగా తరుగుతుంటే దారాలు వస్తాయి, వాటిని వేలికి చుట్టుకుంటూ తీసెయ్యాలి. తరిగింది తరిగినట్టు మజ్జిగ నీళ్లలో వేస్తే నల్లబడదు. సన్నగా కోసి పెసరపప్పుతో ఉడికించి ఆవ పెట్టినా బాగుంటుంది, పచ్చిదే ఉప్పు చేర్చి పిండి పెరుగుపచ్చడి చేసినా బాగుంటుంది. కూలిన బొప్పాయి పచ్చికాయలు కోరి కొబ్బరితో వేపుడు చెయ్యొచ్చు. రాలిన ఉసిరికాయలు దెబ్బ తగలనివి ఏరి, పసుపు, ఉప్పు వేసి దంచి గింజలు తీసి జాడీలో పెట్టుకుంటే ఏడాది పచ్చడి.

పెండలం మాత్రం అత్తగారి మాట ప్రకారం సంక్రాంతికే తవ్వుతాను. అప్పటికి అనకాపల్లి బజారులో కొత్త బెల్లం దిగుతుంది. పెండలం, చిలకడదుంప, తీపి గుమ్మడి ముక్కలు పెద్దవిగా కోసి, పులుసులో ఆ బెల్లం కాస్త ఎక్కువే వేసి, చివర్న బియ్యప్పిండి కలిపి దప్పళం పెడతాం. ఒకప్పుడు గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో గానుగ ఆడే రోజుల్లో రోడ్డు పొడుగునా చెరకు బళ్లు వరస కట్టేవి. ఆ తీపి వాసనా, ఇంట్లో పులుసు వాసనా కలిసి వచ్చేవి.

మా అత్తగారు ఇప్పుడు లేరు. ఆవిడ పాతిన చేమ మాత్రం నేను తవ్వగా తవ్వగా ఇంకా వస్తూనే ఉంది. ఈసారి మా చెల్లెలు కార్తీక వనభోజనాలకి వస్తానంది. దానికి ఇవ్వడానికి రెండు గుప్పెళ్ల చేమ పిలకలు, ఓ కంద పిలక బూడిదలో పొర్లించి పక్కన పెట్టాలి. హైదరాబాదులో తుఫాను రాదనుకోండి, అయినా దుంప దుంపే. ఆదివారం తవ్వుదామంటే, మా వారు గునపం ఎవరికిచ్చారో గుర్తు లేదంటున్నారు.